ఒడిబియ్యం కట్‌లెట్లు

మా ఇంటికి ఓవెన్ తెచ్చింది నేనే కాబట్టి నింద ఇంకొకరి మీద వేయడానికి వీల్లేదు. దసరా ముందు జనగామలో ఒక దుకాణం వాళ్ళు ధర తగ్గించారని వింటే, బడి నుంచి వచ్చిన చీరతోనే ఆటో ఎక్కి వెళ్ళి, ఆ డబ్బాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను. ఆ మధ్యే మా ఆయనకు రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువని వచ్చింది. తినకూడని నూనె వస్తువుల పేర్లు డాక్టరు ఒక్కొక్కటే చెబుతుంటే, అవన్నీ మా ఇంట్లో వారం వారం చేసేవే కావడంతో నాకే తల కొట్టేసినట్టయింది. గారెలు, బజ్జీలు, పూరీలు అన్నీ బంద్ అని ఆస్పత్రి మెట్ల మీదే ప్రకటించాను.

ఆయన పని చేసేది భూపాలపల్లి బొగ్గు గనిలో. అక్కడే గది తీసుకొని ఉంటాడు. శనివారం సాయంత్రం ఇంటికి వస్తే సోమవారం పొద్దున బస్సు. నేను కొడకండ్లలో బడిపంతులమ్మను. పొద్దున ఒక బస్సు పట్టుకొని పోవడం, సాయంత్రం ఇంకో బస్సులో వేలాడుతూ రావడం. తాళం తీసేసరికి పిల్లలిద్దరూ ఆకలి ఆకలి అంటూ గుమ్మంలోనే నిలబడి ఉంటారు. కూరగాయ అంటే మొహం తిప్పుకునే రకం ఇద్దరూ. వంట చేసే ఓపిక నాకు లేదు, ఆగే ఓపిక వాళ్ళకు లేదు. అటువంటి ఇంట్లోకి వచ్చాయి ఈ కట్‌లెట్లు.

మొదట్లో అన్నీ విరిగిపోయేవి. ఉడికిన ఆలుగడ్డ, సొరకాయ తురుము, క్యారెట్, బీన్స్, ఇంత పాలకూర, అల్లం, పచ్చిమిర్చి కలిపి, గుండ్రంగా ఒత్తి, పైన చెంచాడు నూనె రాసి లోపల పెట్టేదాన్ని. గుండ్రంగా లోపలికి పోయినవి ఉప్మా అయి బయటికి వచ్చేవి. తప్పు సొరకాయదే అని తర్వాత అర్థమైంది. తురిమి, ఉప్పు చల్లి, గట్టిగా పిండకపోతే ఆ నీళ్ళన్నీ లోపలే ఉండిపోతాయి. పట్టు కోసం రొట్టెముక్కల పొడి వేశాను, ఓట్స్ వేశాను. ఫర్వాలేదనిపించాయి. కానీ పైన కరకరలాడేవి కావు, మా అబ్బాయి నములుతూ నా మొహం చూసి జాలిగా "బాగున్నయమ్మా" అనేవాడు. ఆ జాలి నాకు మండేది.

ఇక ఒడిబియ్యం సంగతి చెప్పాలి. పెళ్ళయిన ఆడపిల్లను కొన్నేళ్ళకోసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కుంకుమ కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ కూడా పెడతారు. ఆమె ఆ బియ్యాన్ని కొంగున కట్టుకొని అత్తారింటికి తెచ్చి, ఒక మంచి రోజు చూసి వండి, ఇరుగుపొరుగు ముత్తైదువలను పిలిచి పెట్టి, తానూ తినాలి. ఊరికే వండుకునే బియ్యం కాదవి. పుట్టింట్లో నీకింకా చోటుంది అని చెప్పే బియ్యం.

మా అమ్మను మేం అవ్వా అని పిలిచేవాళ్ళం. ఆమె ఉన్నప్పుడు ఆ పిలుపు ఎన్నడూ తప్పలేదు. అమ్మ పోయాక పిలుపు ఆగిపోయింది. మరిపెడ దగ్గర పల్లెలో మా అన్న ఉంటాడు, వ్యవసాయం. నాకు ఉన్నది ఆ ఒక్క అన్నే. పండుగకు ఫోన్ చేస్తే బాగున్నవా అంటే బాగున్నవా అనుకోవడం, అంతే. నాకు కోపం వచ్చింది. అన్న మీద కాదు, అన్న మంచోడు అని నా నమ్మకం. కోపమంతా వదిన మీద. ఆమే అడ్డం పడుతోందని, ఆడబిడ్డకు ఇంత బియ్యం పోయడానికి ఆమెకు చేతులు రావడం లేదని మనసులో అనుకొని ఊరుకోలేదు నేను. స్టాఫ్‌రూములో చెప్పాను. మా ఆయనకు చెప్పాను. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం ఉప్పూకారం ఎక్కువ పడేది.

పోయిన కార్తీకంలో అన్న ఫోన్ చేసి, "చెల్లె, ఒడిబియ్యం పోస్తం, రా" అన్నాడు. నేను బస్సులో ఉన్నాను. పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చూడకుండా ఏడ్చేశాను.

వెళ్ళాను. పీట మీద కూర్చున్నాను. అన్న తల పక్కకు తిప్పుకొని పోశాడు, వదిన మాత్రం నిలకడగా పోసింది. అప్పుడు కూడా నా బుద్ధి చూడండి, ఆమె దోసిలి నిండా పోస్తోందా, వేళ్ళ సందున జార్చి సగమే పోస్తోందా అని చూస్తూ కూర్చున్నాను. నిండానే పోసింది. "కొంగు గట్టిగ పట్టుకో పిల్లా, జారుతది" అంది. తమ మడిలో పండిన బియ్యమే అని అన్న రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి తెచ్చి స్టీలు డబ్బాలో పోసి పెట్టాను. వచ్చే శుక్రవారం వండాలి అనుకున్నాను. ఆ శుక్రవారం బడిలో తనిఖీ. తర్వాతి శుక్రవారం నాకు వీలుకాని రోజులు. ఆదివారమైతే మా ఆయన ఉంటాడు కదా అనుకుంటే, ఒక ఆదివారం మొక్కు ఉందని చిల్పూర్ గుట్టకు తీసుకుపోయాడు, ఇంకో ఆదివారం డ్యూటీ అని రానేలేదు. డబ్బా అలాగే ఉంది.

ఒక సాయంత్రం బస్సు దారిలో ఆగిపోయి ఆలస్యంగా వచ్చాను. ఆలుగడ్డలు ఉడికాయి, సొరకాయ పిండేశాను, చూస్తే ఓట్స్ లేవు, రొట్టె లేదు. బియ్యం బస్తా కూడా అడుగంటింది, దుకాణానికి పోవాలి. పిల్లలు గిన్నెల మీద చెంచాలతో దరువు వేస్తున్నారు. స్టీలు డబ్బా కళ్ళబడింది. గుప్పెడే కదా అనుకున్నాను. దోరగా వేయించి, మిక్సీలో బరకగా రవ్వ పట్టి కలిపాను.

ఆ పూట ఓవెన్ లోంచి వచ్చిన కట్‌లెట్లను చూసి నేనే ఆగిపోయాను. ఒక్కటి విరగలేదు. అంచులు కరకరలాడాయి. బియ్యానికి పట్టించిన పసుపు వల్ల బంగారు రంగు తిరిగాయి. మా అబ్బాయి జాలి లేకుండా తిన్నాడు. అమ్మాయి పొద్దున డబ్బాలో కూడా అవే కావాలంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఆ సంతోషంలో నాకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇది చేయవచ్చా అనిపించింది. అన్నంగా వండితేనేం, ఇలా వండితేనేం, తింటున్నాం కదా అని సర్దిచెప్పుకున్నాను.

గుప్పెడు ఇంకో గుప్పెడైంది. మర్నాడు దుకాణం నుంచి మామూలు బియ్యం వచ్చినా నా చేయి డబ్బా వైపే పోయేది. పసుపు పట్టిన ఆ బియ్యం రవ్వే బాగా కుదురుతుందని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. స్టాఫ్‌రూముకు పట్టుకెళ్ళి అందరి చేతా మెచ్చించుకున్నాను. సోమవారాలు మా ఆయనకు డబ్బా కట్టి పంపితే భూపాలపల్లిలో తోటివాళ్ళు చేతులు నాక్కున్నారట. ఫోటో తీసి మా చుట్టాల వాట్సాప్ గుంపులో కూడా పెట్టాను. వదిన అందరికంటే ముందు బొటనవేలి బొమ్మ పెట్టింది. ఈమెకు కట్‌లెట్లంటే ఏం తెలుసులే అనుకున్నాను.

అన్న ఫోన్ చేసిన రోజు నేను పిల్లల హోంవర్కు చూస్తున్నాను.

"చెల్లె, బియ్యం వండుకున్నవా?" అన్నాడు.

"లేదన్నా. ఈ ఐతారం వండుతున్న" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో, నాకే ఆశ్చర్యం.

"గట్లనా? అయితే మేం గూడ వస్తం. నీ ఇల్లు జూడక శాన దినాలాయె. మీ వదిన గూడ అంటాంది."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తి డబ్బా తీశాను. కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు ఉన్నాయి. వాటి కింద డబ్బా అడుగు కనిపించింది. మూలకు అంటుకున్న గింజలు తప్ప ఏమీ లేవు. ఇంత తెలివైనదాన్ని, పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, డబ్బా తరుగుతోందని కనిపించలేదా? కనిపించింది. ప్రతిసారీ కనిపించింది. మూత పెట్టేశానంతే. ఆ పిలుపు కోసం అన్నేళ్ళు ఏడ్చి, వచ్చాక పిల్లల టిఫిన్ డబ్బాల్లో పంచేశాను. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వాడు. "గిదానికి గింత పరేషాన్ ఎందుకే? దుకాణంల సన్నబియ్యం తే, పసుపు కలుపు. ఎవ్వలు గుర్తువడ్తరు?"

"సిగ్గు లేదా నీకు?" అని ఫోన్ పెట్టేశాను. సిగ్గు లేదా అని అడిగిన ఆ నోటితోనే మర్నాడు దుకాణంలో మంచి సన్నబియ్యం అడిగాను.

శనివారం సాయంత్రం తలుపు వేసుకొని పసుపు కలిపాను. దొంగపని కాబట్టి తొందరలో పసుపు ఎక్కువ పడింది. చేతులు మోచేతుల దాకా పచ్చబడ్డాయి. సబ్బుతో తోమినా పోలేదు. మర్నాడు వాళ్ళు వచ్చినప్పుడు చేతులు కొంగులో చుట్టుకొని తలుపు తీశాను.

అన్న చిక్కిపోయాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు, మా ఇంటికి రావడానికి. వదిన చేతిలో సంచి, అందులో పెరటి సొరకాయలు, చిక్కుడుకాయలు. నా చేతులు చూడనే చూసింది.

"ఏం పిల్లా, చేతులు గట్ల పచ్చగైనయేంది?"

"మీరు బియ్యంల పసుపు బాగ కలిపిండ్రు గద వదినా. కడుగుతుంటే అంటుకున్నది."

"అట్లనా? ఎక్కువైందా?" అని ఆమె నొచ్చుకుంది. చేసిన దొంగతనం చాలక, నింద కూడా ఆమె మీదే వేశాను.

పక్కిళ్ళ ఇద్దరు ముత్తైదువలను పిలిచి ముందు వాళ్ళకు పెట్టాను. వాళ్ళు బొట్టు పెట్టించుకొని, పచ్చటి అన్నం, పప్పుచారు, పరమాన్నం తిని వెళ్ళారు. అన్న, మా ఆయన ముందుగదిలో పిల్లలతో కూర్చున్నారు. ఇంకో విడత అన్నం పొయ్యి మీద ఉంది. పిల్లలు పరమాన్నం వద్దు, కట్‌లెట్లే కావాలని గోల. వదిన నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"గా ఫోటోలల్ల పెట్టినవ్ గద, పచ్చటి బిళ్ళలు. నాకు జర నేర్పియ్యి పిల్లా. మీ అన్నకు గూడ డాక్టరు నూనెది తగ్గియ్యమన్నడు. పొద్దుగాల పొలంకాడికి పోయేటప్పుడు ఏదన్న కట్టియ్యాలె గద. మా ఇంట్ల గీ డబ్బ లేదు గని, పెంక మీద కాల్చుకోరాదా?"

"ఎందుకు రాదు వదినా" అన్నాను, పెనం మీదైనా కాలుతాయని. నా పంతులమ్మ బుద్ధి లేచి కూర్చుంది. పాఠం మొదలుపెడితే నాకు లోకం కనిపించదు. ఆమె తెచ్చిన సొరకాయే తురిమి, ఇట్లా ఉప్పు చల్లాలి, ఇట్లా పిండాలి అని చూపించాను. ఆమె నాకంటే గట్టిగా పిండింది. ఆలుగడ్డ మెదిపాం. బీన్స్ సన్నగా తరగకపోతే అంచులు పగులుతాయన్నాను. ఆమె ప్రతిదానికీ తల ఊపింది. అన్నేళ్ళలో మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఒక పని చేయడం అదే మొదలు. నాకు హాయిగా అనిపించింది కూడా.

"ఇగ పట్టు ఎట్లొస్తది? శెనగపిండా?" అంది.

"కాదు, బియ్యం రవ్వ" అని, చేయి చాపి అల్మారాలోంచి సీసా తీసి ఆమె చేతికిచ్చాను. ముందే పట్టి పెట్టుకున్న రవ్వ. దాని సంగతే మరిచిపోయాను. నా చేయి రోజూ చేసే పని అది చేసుకుపోయింది.

వదిన మూత తీసింది. కొంచెం అరచేతిలో పోసుకుంది. పచ్చటి రవ్వ, మధ్యలో అక్కడక్కడా ఎర్రటి నలుసులు.

"రవ్వల కుంకుమ ఎందుకేసినవ్?" అని అడిగింది. నిజంగా తెలియకే అడిగింది, ఎత్తిపొడవడానికి కాదు. అదే నన్ను చంపేసింది. ఆమె ఎత్తిపొడిచి ఉంటే నాకు ఇంకో అబద్ధం దొరికేదేమో.

"మీ బియ్యమే వదినా" అన్నాను.

"ఏ బియ్యం?"

"ఒడిల పోసినయి. రవ్వ పట్టి గీ కట్‌లెట్లల్ల వేసిన. అయిపోయినయి. పొయ్యి మీదున్నయి దుకాణంల కొన్నయి."

ముందుగదిలో మా అబ్బాయి ఏదో అంటే అన్న పెద్దగా నవ్వాడు. వదిన పొయ్యి మీది గిన్నెను చూసింది, నా పచ్చటి చేతులను చూసింది. అరచేతిలోని రవ్వను ఒక్క నలుసు కింద పడకుండా సీసాలో పోసింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"మీ అన్నకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు." తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "బస్సుల ఒక్కటే ముచ్చట. మా చెల్లె బియ్యం వండుతాంది, మమ్ముల రమ్మన్నదని. నువ్వు రమ్మనలే, ఆయననే వస్తనన్నడు. అయినా కండక్టరుకు గూడ గట్లనే చెప్పిండు."

 ఆమె సీసా మూత తిప్పుతూ మెల్లగా మాట్లాడింది.

"అవ్వ పోయిన మల్లేడాదే ఒడిబియ్యం పోద్దామన్న నేను. అవ్వ లేకుంట చెల్లెను పీట మీద కూసోపెట్టి సూడలేనన్నడు మీ అన్న. ఏటేట అడిగిన, కొట్లాడిన. ఈసారి నేనే బియ్యం చెరిగి, పసుపు కలిపి ముంగట పెట్టిన. నువ్వు పిలుస్తవా, నన్ను పోయి తోల్కరమ్మంటవా అన్న. గప్పుడు ఫోన్ జేసిండు."

ఆమె దెప్పడానికి చెప్పలేదు. ఆయన మనసు ఎలాంటిదో చెప్పి, నా నోరు మూయించడానికి చెప్పింది. కానీ నాకు స్టాఫ్‌రూము గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో చుట్టాల చెవుల్లో పోసినవన్నీ గుర్తొచ్చాయి. మా రెండిళ్ళ మధ్య మాటలు మోసేవాళ్ళకు కొదవ లేదు కాబట్టి అవన్నీ ఆమెకు చేరే ఉంటాయి. చేరినా ఆమె నా కోసం బియ్యం చెరిగింది. 

వదిన సీసాలో రవ్వంతా పరమాన్నం గిన్నెలో కుమ్మరించి, గరిటెతో తిప్పింది. "గింతన్న ఉండనీ" అంది.

ఆ పూట కట్‌లెట్లు పట్టు లేక విరిగిపోయాయి. పిల్లలు గిన్నెల్లో వేసుకొని చెంచాలతో తిన్నారు. 

పెద్దవాళ్ళం నలుగురం కింద కూర్చున్నాం. మా ఆయన తల వంచుకొని గబగబా తినసాగాడు. అన్న అన్నంలో పప్పుచారు కలుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఎంతైనా మన మడి బియ్యం మన మడియే" అన్నాడు. "దుకాణంల బియ్యానికి గీ కమ్మదనం ఏడికెల్లి వస్తది?"

మా ఆయనకు పొలమారింది. వదిన చేయి ఆగలేదు. అన్న కంచంలో ఇంకో గరిటె వేసింది.

"అవు, మనయే గద" అంది. "తినుండ్రి మంచిగ."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నోటి దాకా పోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కంచంలో పడుతుంటే ఆపుకోవడం నా వల్ల కాలేదు. అన్న చూశాడు. ఎడమచేయి చాపి నా తల మీద పెట్టి, చిన్నప్పటిలా నిమిరాడు.

"ఏడ్వకు చెల్లె" అన్నాడు. "నాకు గూడ అవ్వనే యాదికొస్తాంది."

వదిన నా గ్లాసులో నీళ్ళు పోసి దగ్గరికి జరిపింది.